పట్నంలో పెద్ద కిరాణా దుకాణం: మంచిదాన్ని గుర్తించడం ఎలా?

సంఘాల సర్వసభ్య సమావేశాలకు వెళ్లినప్పుడు పాల ధర, దాణా, పశువైద్యం గురించిన ప్రశ్నలన్నీ అయ్యాక, టీ తాగే వేళ కొందరు సభ్యులు మమ్మల్ని మరో ప్రశ్న అడుగుతుంటారు. "మా అమ్మాయి హైదరాబాదులో కాపురం పెట్టిందండీ. అక్కడ వీధికొక పెద్ద దుకాణం ఉందట. అన్నీ అద్దాల మేడలే. ఎక్కడ సరుకు మంచిదో, ఎక్కడ ధర సరసమో ఎట్లా తెలుస్తుంది?" అని.

పాల సంఘం వాళ్లను కిరాణా దుకాణం సంగతి అడగడమేమిటని మొదట్లో నవ్వి ఊరుకునేవాళ్లం. ఆలోచించి చూస్తే అది మనం జవాబు చెప్పవలసిన ప్రశ్నే అని తేలింది. తెల్లవారుజామున మీరు కేంద్రంలో పోసిన పాలు, వాటితో చేసిన పెరుగు, నెయ్యి, పనీరు చివరికి చేరేది ఆ దుకాణాల అరలకే. ఆ అర దగ్గర నిలబడి ప్యాకెట్టు చేతిలోకి తీసుకొనే ఇల్లాలు మీ అమ్మాయి కావచ్చు, మరొకరి కోడలు కావచ్చు. ఆమె మన పాలు కొంటుందా, పక్క ప్యాకెట్టు తీసుకొంటుందా అన్నది ఆ దుకాణం మన సరుకును ఎట్లా చూసుకొన్నదన్న దాని మీద చాలావరకు ఆధారపడి ఉంటుంది.

మా సమాధానం ముందే చెబుతున్నాము. దుకాణం వైశాల్యాన్ని బట్టి, దీపాల కాంతిని బట్టి మంచి చెడ్డ నిర్ణయించకండి. ముందుగా దాని పాల అర చూడండి. ఎందుకో కింద వివరిస్తాము.

ఈ పెద్ద దుకాణాలు ఎట్లా వచ్చాయి?

ఒకప్పుడు కొట్టుకు వెళ్లి చిట్టా చదివితే కొట్టతను సరుకు తూచి పొట్లం కట్టి ఇచ్చేవాడు. కొనేవారే అరల మధ్య తిరిగి, కావలసినవి బుట్టలో వేసుకొని, చివర ఒకచోట డబ్బు చెల్లించే పద్ధతిని 1916లో అమెరికాలోని మెంఫిస్ పట్టణంలో క్లారెన్స్ సాండర్స్ అనే వర్తకుడు 'పిగ్లీ విగ్లీ' అనే దుకాణంలో ప్రవేశపెట్టాడు. పనివాళ్ల ఖర్చు తగ్గింది, ధర తగ్గించడానికి వీలైంది. నేటి సూపర్ మార్కెట్లకు మూలం అదే.

అయితే నాణ్యమైన సరుకు, నిండు తూకం అన్న మాట అంతకు ముందే పుట్టింది. అది పుట్టింది సహకారోద్యమంలోనే. 1844లో ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో 28 మంది చేరి సహకార దుకాణం తెరిచారు. వారిలో నేత పనివారు కూడా ఉన్నారు. మొదట అమ్మినవి వెన్న, పంచదార, పిండి, ఓట్ల పిండి, కొవ్వొత్తులు. కల్తీ సరుకు, దొంగ తూకాలు మామూలైన ఆ రోజుల్లో కల్తీలేని సరుకును సరైన తూకంతో అమ్మడమే వారి నియమం. మన దేశంలో 1904లో మద్రాసు ట్రిప్లికేన్‌లో వినియోగదారుల సహకార సంఘం వెలిసింది. 1966లో ఢిల్లీలో సహకార రంగంలోనే సూపర్ బజార్ ప్రారంభమైంది. ఎంతో పేరు తెచ్చుకొన్న ఆ సంస్థ తరువాతి కాలంలో నష్టాలపాలై మూతపడింది. మంచి ఆశయం ఒక్కటే దుకాణాన్ని నిలబెట్టదు, సరుకు నిర్వహణ కూడా సక్రమంగా ఉండాలన్నది దీనినుండి మన సంఘాలు కూడా నేర్చుకోవలసిన పాఠం.

హైదరాబాదు విషయానికి వస్తే, త్రినేత్ర దుకాణాలు 1986లో, రత్నదీప్ 1987లో మొదలయ్యాయి. 1999 జనవరి 26న అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రైతు బజార్లను ప్రారంభించింది. 2001లో బిగ్ బజార్, 2006 నవంబరులో రిలయన్స్ ఫ్రెష్ ఈ నగరంలో అడుగుపెట్టాయి. 2007లో త్రినేత్ర బిర్లా సంస్థల చేతిలోకి వెళ్లి 'మోర్' అనే పేరు కిందికి వచ్చింది. బిగ్ బజార్ 2022లో మూతపడింది. పేర్లు మారుతుంటాయి, దుకాణాలు చేతులు మారుతుంటాయి. అందుచేత ఒక పేరును నమ్ముకోవడం కంటే ఏ దుకాణాన్నయినా పరీక్షించే పద్ధతి తెలుసుకోవడం మేలు.

నగరంలో నాలుగు రకాల అంగళ్లు

మొదటిది, పాత బజార్లు. పప్పులు, మసాలా దినుసులు, ఎండు ఫలాలు పెద్ద మొత్తంలో కొనేవారికి బేగంబజారు, కూరగాయలకూ పచారీ సామానుకూ సికింద్రాబాదు మోండా మార్కెట్టు పేరుపొందినవి. సరుకు చూసి, ముట్టుకొని, బేరమాడి కొనవచ్చు. కాని పాలు, పెరుగు వంటి చల్లని సరుకు కోసం వెళ్లే చోటు కాదు.

రెండవది, మెహిదీపట్నం, ఎర్రగడ్డ, కూకట్‌పల్లి వంటి చోట్ల ఉన్న రైతు బజార్లు. కూరగాయలకు ఇవి మంచివి. ధరల బోర్డు ఎదురుగానే ఉంటుంది.

మూడవది, కాలనీల్లో ఉండే మధ్యరకం సూపర్ మార్కెట్లు. ఇంటికి దగ్గర. రోజువారీ పాలు, పెరుగు, బ్రెడ్డు, కూరలకు అనువు.

నాలుగవది, డి-మార్ట్, లులు వంటి చాలా పెద్ద దుకాణాలు. బియ్యం, నూనె, సబ్బులు, డబ్బా సరుకులు నెలకొకసారి కొనేవారికి ఇక్కడ ధర కలిసివస్తుంది. రకాలు కూడా ఎక్కువే.

ఒకే దుకాణం అన్నింటికీ మంచిది కావడం అరుదు. మేము ఒకే చిట్టా రాసుకొని మూడు రకాల దుకాణాలు తిరిగి చూశాము. డబ్బా సరుకు ఒకచోట చవక. కూరలు మరొకచోట తాజా. పాలు, పెరుగు చల్లగా ఉన్నది ఇంకొకచోట. కాబట్టి ఏది అన్నింటికంటె మంచిది అని కాక, దేనికి ఏది మంచిది అని ఆలోచించాలి.

మొదటి పరీక్ష: పాల అర

బియ్యం ఒకరోజు ఎండలో ఉన్నా పాడుకాదు. సబ్బు నెల రోజులు ఉన్నా పాడుకాదు. పాలు అట్లా కాదు. ఈ సంగతి మీకు మేము చెప్పనక్కరలేదు. కేంద్రానికి గంట ఆలస్యంగా తెచ్చిన పాలు విరిగితే ఎవరి నష్టమో మీకు తెలుసు.

డెయిరీలో పాలను 72 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో 15 సెకన్లు ఉంచి, వెంటనే 4 డిగ్రీలకు చల్లబరుస్తారు. దీనితో రోగకారక క్రిములు నశిస్తాయి. కాని క్రిములన్నీ నశించవు. చల్లగా ఉన్నంతసేపు మిగిలినవి పెద్దగా పెరగవు. వెచ్చదనం తగిలితే, వాటికి అనుకూలమైన పరిస్థితుల్లో, అరగంట లోపే రెట్టింపు కాగలవు. అరగంటకు రెట్టింపు అన్న లెక్కన వేయి క్రిములు 4 గంటల్లో 2 లక్షల 56 వేలవుతాయి. అందుకే పాల కేంద్రం నుండి శీతలీకరణ కేంద్రానికి, అక్కడ నుండి డెయిరీకి, డెయిరీ నుండి దుకాణానికి చలి తెగకుండా సాగాలి. ఇన్ని చేతుల్లో ఒక్కరు అశ్రద్ధ చేసినా మిగిలినవారి శ్రమ వృథా.

ఒక ఉదయం నగరంలో మేము చూసిన దృశ్యం చెబుతాము. ఒక పెద్ద దుకాణం ఇంకా తెరవలేదు. మెట్ల మీద పాల ట్రేలు ఒకదానిపై ఒకటి పేర్చి ఉన్నాయి. వేసవి రోజులు. పైన ట్రేల మీద ఎండ పడుతున్నది. తాళం తీసేవారు వచ్చి, ఊడ్చి, దీపాలు వెలిగించి, ట్రేలు లోపలికి చేర్చేసరికి గంటన్నర దాటింది. లోపల ఆ పాలను పెట్టిన ఫ్రిజ్ మాత్రం చాలా అందంగా ఉంది. ఆ రోజు మధ్యాహ్నం ఎవరింట్లోనైనా పాలు విరిగి ఉంటే ఆ ఇల్లాలు దుకాణాన్ని తిట్టదు. ప్యాకెట్టు మీద ఉన్న పేరును తిడుతుంది.

కాబట్టి కొత్త దుకాణాన్ని పరీక్షించదలచినవారు ఒక్కరోజు పొద్దున్నే వెళ్లి పాలు ఎట్లా లోపలికి వెళుతున్నాయో చూడాలి. తరువాత అర దగ్గర ఈ కింది విషయాలు గమనించాలి.

1. ప్యాకెట్టు చేతితో పట్టుకొంటే బాగా చల్లగా తగలాలి. ఫ్రిజ్ మీద వేడి చూపే అంకె కనిపిస్తుంటే, అది 5 డిగ్రీలు దాటకుండా ఉండాలి.

2. తలుపులేని పెద్ద ఫ్రిజ్‌లలో అర అంచు దాటి సరుకు పేర్చి ఉంటే, బయటికి వచ్చిన ప్యాకెట్లకు చలి అందదు.

3. పెరుగు డబ్బా మూత, పనీరు ప్యాకెట్టు ఉబ్బి ఉండరాదు. ఉబ్బితే లోపల క్రిములు పెరిగి గాలి పుట్టిందనుకోవచ్చు. పెరుగు మీద కొంచెం నీరు తేరి ఉండడం మాత్రం రవాణాలో కుదుపు వల్ల కూడా జరుగుతుంది. అదొక్కటే దోషం కాదు.

4. గడ్డకట్టించిన బఠాణీల సంచి ఊపి చూడండి. గింజలు విడివిడిగా కదిలితే సరుకు సరిగా ఉన్నట్లు. ఒకే ముద్దగా ఉంటే మధ్యలో కరిగి మళ్లీ గడ్డకట్టినట్లు. అటువంటి సరుకు ఉండవలసింది మైనస్ 18 డిగ్రీల దగ్గర. రాత్రిపూట కరెంటు ఆదా చేయడానికి ఫ్రిజ్‌లు ఆపే దుకాణం ఇక్కడ దొరికిపోతుంది.

5. అర అడుగున కారిన పాలు ఎండి, పులిసిన వాసన వస్తుంటే ఇక ఆ దుకాణంలో మిగతావి చూడనక్కరలేదు.

పాలను సరిగా చూసుకోవడానికి వేళకు వచ్చే పనివాళ్లు, చెడిపోని యంత్రాలు, తేదీలు చూసే శ్రద్ధ, శుభ్రత అన్నీ కావాలి. ఇవన్నీ ఉన్న దుకాణం పప్పులో పురుగు పట్టనివ్వదు. పాల అరను ముందు చూడమనడానికి కారణం ఇదే.

రెండవ పరీక్ష: సరుకు కదలిక

జనం ఎక్కువగా వచ్చే దుకాణంలో సరుకు తొందరగా మారుతుంది, తాజాగా ఉంటుంది. ఇది తెలుసుకోవడానికి ఎవరినీ అడగనవసరం లేదు. తక్కువగా అమ్ముడుపోయే వస్తువొకటి, రాగిపిండి గాని, వాము గాని తీసి, ప్యాక్ చేసిన తేదీ చూడండి. అది నెలల కిందటిదైతే ఆ దుకాణంలో కదలిక తక్కువని అర్థం. అరల మీద చేయి రాసి చూడండి. దుమ్ము అంటితే అదీ సాక్ష్యమే.

మంచి దుకాణంలో ముందు వచ్చిన సరుకును ముందు వరుసలోకి జరిపి, కొత్తది వెనుక పెడతారు. ఇది తెలిసిన కొందరు వెనుక నుంచి చేయిపెట్టి లాగుతారు. వారం రోజులు ఇంట్లో ఉంచే సరుకైతే అట్లా చేయడంలో తప్పులేదు. కాని ఆ పూటే కాచుకొనే పాలకు ఆ అవసరం లేదు. గడువు ఉండి, చల్లగా ఉన్న ముందు ప్యాకెట్టే తీసుకోండి. అందరూ వెనకవే లాగితే ముందువి మిగిలిపోతాయి, గడువు దాటి పారబోతకు వెళతాయి. ఆ నష్టం చుట్టూ తిరిగి మన దగ్గరికే వస్తుంది.

మూడవ పరీక్ష: తూకం, ధర

తూకం సంగతి మన సభ్యులకు ఎవరూ నేర్పనక్కరలేదు. పాల కొలతకూ తూకానికీ తేడా మీకు తెలుసు. లీటరు పాలు సుమారు 1030 గ్రాములు తూగుతాయి. నూనె దీనికి విరుద్ధం. లీటరు వంటనూనె సుమారు 910 గ్రాములే తూగుతుంది. అందుచేత ఒక నూనె ప్యాకెట్టు మీద లీటరు అని, మరొక దాని మీద 910 గ్రాములు అని ఉంటే రెండూ సమానమే. కాని ఒకదాని మీద లీటరు, మరొక దాని మీద 850 మిల్లీలీటర్లు అని ఉంటే సమానం కాదు. దూరం నుంచి చూస్తే రెండు ప్యాకెట్లూ ఒకే మాదిరి కనిపిస్తాయి.

ఉదాహరణకు, లీటరు ప్యాకెట్టు 150 రూపాయలు, 850 మిల్లీలీటర్ల ప్యాకెట్టు 132 రూపాయలు అనుకోండి. రెండవది 18 రూపాయలు చవకగా కనిపిస్తుంది. లెక్క వేస్తే అది లీటరుకు 155 రూపాయల పైన పడింది. కొన్నది ఖరీదైన నూనె, మిగిలిందనుకొన్నది భ్రమ.

వెనుక కొన్ని సరుకులను నిర్ణయించిన పరిమాణాల్లోనే ప్యాక్ చేయాలన్న నిబంధన ఉండేది. 2021లో చేసిన సవరణ ద్వారా దానిని తొలగించి, బదులుగా గ్రాముకు లేదా కిలోకు, మిల్లీలీటరుకు లేదా లీటరుకు ధర ఎంతో ప్యాకెట్టు మీద అచ్చువేయాలన్న నియమం తెచ్చారు. ఈ ధర చిన్న అక్షరాల్లో ఉంటుంది. కళ్లద్దాలు పెట్టుకొనైనా సరే, చదవవలసింది దీనినే.

అట్లాగే గరిష్ఠ చిల్లర ధరలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. అంతకు మించి వసూలు చేయరాదు. అంతకు తక్కువకు అమ్మవచ్చు. అయితే ఎంత తగ్గించారన్నది ముఖ్యం కాదు, చివరికి కిలోకు ఎంత పడిందన్నదే ముఖ్యం. 'రెండు కొంటే ఒకటి ఉచితం' అన్న చోట మూడింటి ధరను మూడింటి బరువుతో భాగించి చూడండి. మూడూ గడువులోగా వాడగలమా అని కూడా ఆలోచించండి. పారబోసిన సరుకు ఎంత చవకైనా దండగే.

విడిగా తూచి అమ్మే సరుకు దగ్గర మరో జాగ్రత్త. కాటా మీద సంచి పెట్టే ముందు అంకె సున్నా చూపాలి. మిఠాయి కొంటే అట్టపెట్టె బరువు మిఠాయిలో కలవకూడదు.

నాలుగవ పరీక్ష: పేరు చదవడం

పాల ప్యాకెట్ల రంగులు ఒక్కొక్క డెయిరీకి ఒక్కొక్క విధంగా ఉంటాయి. రంగు చూసి కాక అక్షరాలు చదివి కొనాలని మీ పిల్లలకు చెప్పండి. టోన్డ్ పాలలో వెన్న 3 శాతం, డబుల్ టోన్డ్‌లో ఒకటిన్నర శాతం, స్టాండర్డ్ పాలలో నాలుగున్నర శాతం, ఫుల్ క్రీమ్‌లో 6 శాతం ఉండాలి. ఏదీ కల్తీ కాదు, ఏదీ తక్కువది కాదు. అవసరాన్ని బట్టి ఎంచుకోవాలి.

ఐస్‌క్రీమ్ అర దగ్గర ఇంకా జాగ్రత్త అవసరం. పక్కపక్కనే ఒకే రకం డబ్బాల్లో ఐస్‌క్రీమ్, 'ఫ్రోజెన్ డెజర్ట్' రెండూ ఉంటాయి. ఐస్‌క్రీమ్‌లో ఉండేది పాల కొవ్వు. రెండవదానిలో వనస్పతి నూనెల కొవ్వు ఉంటుంది. తినేవారు తెలిసి తింటే అది వారి ఇష్టం. పాల సరుకు అనుకొని కొంటే మాత్రం పాడి రైతుకు రావలసిన రూపాయి తెలియకుండానే పక్కదారి పట్టినట్లు. ఈ రెండింటినీ వేరువేరు అరల్లో, స్పష్టమైన బోర్డులతో ఉంచిన దుకాణం నిజాయితీ గలదని మా అభిప్రాయం.

దుకాణం అమరికలో కిటుకులు

చాలా పెద్ద దుకాణాల్లో పాలు, బియ్యం వంటి నిత్యావసరాలు లోపలెక్కడో ఉంటాయి. పాల కోసం వచ్చినవారు బిస్కెట్లు, పానీయాలు, ప్లాస్టిక్ సామాను అన్నీ దాటుకొంటూ వెళ్లాలి. వెళుతూ ఒకటి, వస్తూ ఒకటి బుట్టలో పడతాయి. చల్లని గదులు సరుకు దించే వైపు ఉండడం కూడా దీనికి ఒక కారణమే గాని, వ్యాపార లాభం దుకాణదారులకు తెలియనిది కాదు. కంటికి ఎదురుగా ఉన్న అరలో తరచు లాభం ఎక్కువ వచ్చే సరుకు ఉంటుంది. చవకది కింది అరలో ఉండవచ్చు. వంగి చూడాలి.

చక్రాల బండి కథ కూడా తెలుసుకోదగినదే. 1937లో అమెరికాలోని ఓక్లహోమా నగరంలో సిల్వన్ గోల్డ్‌మన్ అనే దుకాణదారుడు, బుట్ట బరువెక్కగానే జనం కొనడం మానేస్తున్నారని గమనించి చక్రాల బండి ప్రవేశపెట్టాడు. బరువు తెలియకపోతే చేయి ఆగదు. కాబట్టి నాలుగు వస్తువుల కోసం వెళ్లినవారు బండి తీసుకోకుండా బుట్ట పట్టుకోవడం మంచిది. చిట్టా రాసుకొని, కడుపు నిండా తిని వెళ్లడం ఇంకా మంచిది.

బండిలో పాలు చివర వేసుకోవాలి, మొదట కాదు. దుకాణంలో గంటసేపు తిరిగి, వరుసలో అరగంట నిలబడి, ఎండలో ఆటో ఎక్కి ఇంటికి చేరేసరికి పాలకు ఎంత వేడి తగిలిందో లెక్కవేయండి. ఈ మధ్య ఫోనులో చెబితే నిమిషాల్లో ఇంటికి తెచ్చే సేవలు వచ్చాయి. వాటికీ ఇదే పరీక్ష. తలుపు దగ్గర ప్యాకెట్టు చేతికి చల్లగా తగలాలి.

ఐదవ పరీక్ష: తప్పు జరిగినప్పుడు

ఎంత మంచి దుకాణంలోనైనా ఒకనాడు పొరపాటు జరుగుతుంది. ఆ పొరపాటును ఎట్లా దిద్దుకొంటారన్నదే అసలు సంగతి. పాలు విరిగాయని బిల్లుతో సహా తీసుకువెళితే వాదించకుండా మార్చి ఇచ్చే దుకాణం మంచిది. అరలో ఒక ధర, బిల్లులో మరొక ధర పడితే వెంటనే సరిచేసే దుకాణం మంచిది. బిల్లు మీద ఆహార భద్రతా సంస్థ ఇచ్చిన 14 అంకెల లైసెన్సు లేదా రిజిస్ట్రేషన్ సంఖ్య ఉండాలన్న నియమం 2022 నుండి అమలులో ఉంది. అది ఉన్నదో లేదో చూడండి. న్యాయం జరగకపోతే 1915 అనే జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్యకు ఫోను చేయవచ్చు. బిల్లు లేకపోతే ఫిర్యాదును నిరూపించడం కష్టం కాబట్టి బిల్లును అక్కడే నలిపి పారేయకూడదు.

చిట్టా వేసి చూడండి

మీ పిల్లలకు మేము సూచించే పద్ధతి ఇది. ఇంట్లో నెలనెలా వాడే 20 వస్తువులు కాగితం మీద రాయాలి. ఎదురుగా మూడు గళ్లు గీసి, మూడు దుకాణాల్లో కిలోకు, లీటరుకు పడే ధర రాసుకోవాలి. ఒకే రకం సరుకును ఒకే రకంతో పోల్చాలి. సోనా మసూరి పాత బియ్యాన్ని కొత్త బియ్యంతో పోలిస్తే లెక్క తప్పుతుంది. అడుగున రానుపోను ఖర్చు కూడా కలపాలి. 200 రూపాయలు మిగుల్చుకోవడానికి ఆటోకు 150 పెట్టి, సగం రోజు పోగొట్టుకోవడం లాభమో నష్టమో వారే తేల్చుకొంటారు. ఒక నెల చేస్తే చాలు. నెల సరుకుకు ఏ దుకాణం, రోజువారీ పాలకూ పెరుగుకూ ఏ దుకాణం అన్నది స్పష్టంగా తెలిసిపోతుంది.

సభ్యులు చేయవలసిన పని

మన పని పాలు కేంద్రంలో పోయడంతో పూర్తయిందని కొందరు అనుకొంటారు. శుభ్రమైన చేతులతో పితికి, శుభ్రమైన క్యానులో వేళకు తెచ్చి, లాక్టోమీటరు పరీక్షకు నిలబడి, వెన్న శాతం కోసం దాణాకు ఖర్చుపెట్టి మీరు నిలబెట్టిన మంచిపేరు ఆఖరి పది అడుగుల్లో, దుకాణం మెట్ల మీద, ఎవరి అశ్రద్ధ వల్లనో పోకూడదు.

అందుచేత మీరు గాని, మీ పిల్లలు గాని నగరంలో దుకాణానికి వెళ్లినప్పుడు మన సరుకు ఉన్న అర ఒకసారి చూడండి. ప్యాకెట్టు వెచ్చగా ఉన్నా, గడువు దాటినది అరలో ఉన్నా, ట్రేలు ఎండలో ఉన్నా దుకాణం ఉన్న చోటు, తేదీ, వేళ, ప్యాకెట్టు మీది బ్యాచ్ సంఖ్య రాసుకొని మీ సంఘ కార్యదర్శికి ఇవ్వండి. కార్యదర్శులు దానిని యూనియన్ కార్యాలయానికి పంపాలి. దుకాణం వారితో తగవు పెట్టుకోవద్దు. చాలాసార్లు ఒక్క మాట మర్యాదగా చెబితేనే ట్రేలు లోపలికి వెళతాయి. తప్పు దుకాణానిది కాక మన రవాణా బండిదే అయితే అదీ మాకు తెలియాలి. దిద్దుకోవలసింది మేమే కనుక మొహమాటపడకుండా రాయండి.

మన సరుకును చల్లగా, శుభ్రంగా ఉంచి, సకాలంలో అమ్మే దుకాణం కనిపిస్తే ఆ సంగతి కూడా తెలియజేయండి. ఫిర్యాదులతో పాటు మెప్పు కూడా చేరవలసిన చోటికి చేరాలి. అటువంటి దుకాణం మీ అమ్మాయికి మంచిది, మన పాలకూ మంచిది. పట్నంలో ఏది మంచి దుకాణమని మమ్మల్ని అడిగిన సభ్యులకు మా జవాబు ఇదే.